కారులో గాత్రం స్పష్టంగా వినిపించాలంటే... మిడ్‌రేంజ్ స్పీకర్లు, ట్వీటర్ల ఎంపికలో గమనించవలసినవి

అభన్‌పూర్ (రాయ్‌పూర్): ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌కు దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, ధమ్తరీ మీదుగా జగ్‌దల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న చిన్న పట్టణం అభన్‌పూర్. ఒకప్పుడు రాయ్‌పూర్ నుంచి వచ్చే నారోగేజ్ రైలు మార్గం ఇక్కడే రెండుగా చీలి, ఒకటి ధమ్తరీకి, మరొకటి రాజిమ్‌కు సాగేది. బ్రాడ్‌గేజ్‌గా మార్చిన అనంతరం 2025 మార్చి 30న మందిర్ హసౌద్ మీదుగా రాయ్‌పూర్‌కు మెమూ రైలు సేవ ప్రారంభమైంది. తెలుగువారికి మాత్రం ఈ ఊరు మరో కారణంగా పరిచయమవుతున్నది. 464 కిలోమీటర్ల రాయ్‌పూర్-విశాఖపట్నం ఆరు వరుసల ఆర్థిక కారిడార్ ఈ ప్రాంతంలోని ఝాంకీ వద్ద మొదలై విశాఖ సమీపంలోని సబ్బవరం వద్ద ముగుస్తుంది. ఆంధ్రప్రదేశ్ భాగానికి 2022 నవంబరు 12న, ఛత్తీస్‌గఢ్‌లోని మూడు భాగాలకు 2023 జూలై 7న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు.

రాయ్‌పూర్, భిలాయి ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు పండుగలకు, పెళ్లిళ్లకు కారులో ఉత్తరాంధ్ర వైపు బయలుదేరితే అది పగలంతా పట్టే ప్రయాణం. అన్ని గంటలూ తోడుండేది కారులోని పాటే. అందుకే ప్రయాణానికి ముందు "స్పీకర్లు మార్పిద్దాం" అనే ఆలోచన చాలామందికి కలుగుతుంది. దుకాణంలో అడుగుపెట్టగానే ఎదురయ్యేవి డబ్బాలపై పెద్ద అక్షరాల్లో అచ్చయిన వాట్ల సంఖ్యలు, మోత మోగించే బాస్. తీరా ఇంటికి వచ్చాక, దారి మీద కారు వేగం అందుకున్నాక, పాటలో మాటలు అర్థం కావడం లేదని, గంట గడిచేసరికి తల నొస్తున్నదని గ్రహిస్తారు. ఈ లోపం చాలా సందర్భాల్లో బాస్‌ది కాదు. గాత్రాన్ని మోసే మిడ్‌రేంజ్ స్పీకర్, హల్లుల అంచులను చెక్కే ట్వీటర్ ఒకదానికొకటి సరిపోకపోవడమే అసలు కారణం.

గాత్రం ఎక్కడ ఉంటుంది?

మానవుని చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. వయసు పెరిగే కొద్దీ పై హద్దు తగ్గుతూ వస్తుంది. ఇంత విస్తారమైన పరిధిలో మనిషి మాట ఆక్రమించేది కొద్ది భాగమే. పాతకాలపు టెలిఫోన్ వ్యవస్థ 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు మాత్రమే పంపినా అవతలి వారి మాట అర్థమయ్యేది, గొంతు గుర్తుపట్టగలిగేవారు. కారు శబ్ద వ్యవస్థలో ఈ భాగాన్నే మిడ్‌రేంజ్ అంటారు. చెవి అత్యంత సున్నితంగా స్పందించేది 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య. అంటే మిడ్‌రేంజ్ ముగిసి ట్వీటర్ మొదలయ్యే సంధి, చెవి తప్పును ఇట్టే పట్టేసే చోటనే పడుతుంది. ఎంపికలో ఇబ్బంది అంతా ఇక్కడే ఉన్నది.

తెలుగు పాటకు ఈ సంధి మరీ ముఖ్యం. "శ", "ష" అక్షరాల ఊష్మ ధ్వని ప్రధానంగా 2,500 నుంచి 4,000 హెర్ట్జ్ ప్రాంతంలో బలంగా ఉంటుంది. "స" ధ్వని అంతకంటే పైన, 5,000 హెర్ట్జ్ దాటిన తరువాత ప్రబలంగా వినిపిస్తుంది. అందువల్ల స్పీకర్ల అమరికలో 3,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య గుంత ఉంటే శకారం చప్పబడి సకారంలా తోస్తుంది. అక్కడ మిట్ట ఉంటే ప్రతి ఊష్మం ఈలలా చెవిని గుచ్చుతుంది. ఉచ్చారణ శుద్ధమైన పాత తరం గాయనీగాయకుల పాటను పెట్టి స, శ, ష మూడూ విడివిడిగా వినిపిస్తున్నాయో లేదో చూడడం, ఏ పరికరమూ లేకుండా చేయగల మంచి పరీక్ష. ఆంగ్ల పాటలతో పరీక్షించే దుకాణదారు దీన్ని సాధారణంగా చేయడు.

కోయాక్సియల్, కాంపోనెంట్, త్రీ-వే

స్పీకర్ల అమరికలో మూడు రకాలు కనిపిస్తాయి. కోయాక్సియల్‌లో ట్వీటర్ పెద్ద స్పీకర్ మధ్యలోనే బిగించి ఉంటుంది. కాంపోనెంట్ సెట్‌లో తలుపులో 6.5 అంగుళాల స్పీకర్, విడిగా ఒక ట్వీటర్, రెండింటి మధ్య ధ్వనిని విభజించే క్రాస్ఓవర్ పెట్టె ఉంటాయి. త్రీ-వేలో 3 లేదా 4 అంగుళాల ప్రత్యేక మిడ్‌రేంజ్ స్పీకర్ కూడా చేరుతుంది.

కోయాక్సియల్ చవక, బిగింపు సులువు. అయితే కారు తలుపు స్పీకర్ మోకాలి కింద ఉంటుంది. దానితో పాటు ట్వీటర్ కూడా పిక్కల వైపే చూస్తూ కూర్చుంటుంది. ధ్వని తరంగం పొడవు స్పీకర్ శంఖువు వ్యాసంతో సమానమయ్యే చోటి నుంచి ధ్వని అన్ని దిక్కులకూ వ్యాపించడం మాని, టార్చి వెలుగులా ముందుకే పోతుంది. 6.5 అంగుళాల స్పీకర్‌లో నిజంగా కదిలే భాగం సుమారు 13 సెంటీమీటర్లు. గాలిలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 344 మీటర్లు కనుక 13 సెంటీమీటర్ల తరంగం సుమారు 2,650 హెర్ట్జ్ వద్ద వస్తుంది. దానికి పైన ఆ స్పీకర్ మోకాలికి బాగా వినిపించవచ్చు గాని చెవికి కాదు. కాబట్టి తలుపులో 6.5 అంగుళాల స్పీకర్ ఉంటే, ట్వీటర్ 2,500 నుంచి 3,500 హెర్ట్జ్ మధ్యనే పని అందుకోగలగాలి. మంచి కాంపోనెంట్ సెట్లలో క్రాస్ఓవర్ ఈ ప్రాంతంలోనే ఉండడం యాదృచ్ఛికం కాదు.

ఇదే లెక్కను 3 అంగుళాల ప్రత్యేక మిడ్‌రేంజ్‌కు వేస్తే సౌకర్యం అర్థమవుతుంది. చిన్న శంఖువు 4,000, 5,000 హెర్ట్జ్ వరకు కూడా ధ్వనిని విశాలంగా పంచగలదు. కింద 300, 400 హెర్ట్జ్ నుంచి మొదలుపెడితే గాత్రం మొత్తం ఒకే స్పీకర్ నుంచి, అదీ డ్యాష్‌బోర్డు ఎత్తు నుంచి వస్తుంది. పాడేవారు పాదాల దగ్గర కాక ఎదురుగా నిలబడినట్లు అనిపిస్తుంది. త్రీ-వే పట్ల ఆసక్తి చూపేవారి ఆకర్షణ ఇదే, అది నిజమైనదే.

అయితే దానికి మూల్యం ఉన్నది. ముందు వైపు మాత్రమే ఆరు స్పీకర్లు అవుతాయి. వాటిని విడివిడిగా నడపాలంటే ఆరు ఛానళ్ల యాంప్లిఫయర్, ధ్వనిని సర్దే డిజిటల్ ప్రాసెసర్, అన్నిటికంటే మించి దాన్ని చెవితోనూ మైక్రోఫోన్‌తోనూ సర్దగల వ్యక్తి కావాలి. చివరి అంశం దొరకని చోట త్రీ-వే కొనడం వృథా వ్యయం. మొదటిసారి మార్పు చేయించుకునేవారికి మంచి టూ-వే కాంపోనెంట్ సెట్, నిజాయితీగల నాలుగు ఛానళ్ల యాంప్లిఫయర్ సరిపోతాయన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. డ్యాష్‌బోర్డులో కంపెనీయే 3 అంగుళాల స్థానం ఇచ్చిన కార్లలో మాత్రం త్రీ-వేను ఆలోచించవచ్చు.

వెనుక తలుపుల స్పీకర్లను మార్చమని దుకాణాల్లో ఒత్తిడి చేయడం పరిపాటి. ముందు కూర్చున్నవారికి ధ్వని ముందు నుంచి రావాలి. ఉన్న సొమ్మంతా ముందు జతపై పెట్టి, వెనుకవి కంపెనీవే ఉంచితే నష్టం లేదు.

వాట్ల లెక్క

కారులోని స్టీరియో డబ్బాపై "50 వాట్లు x 4" అని ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారు విద్యుత్ వ్యవస్థ ఇచ్చే వోల్టేజీ సుమారు 14.4. స్టీరియోలోని చిన్న యాంప్లిఫయర్ దాన్ని పూర్తిగా వాడుకున్నా శిఖర వోల్టేజీ 14.4 మించదు, దాని ఆర్‌ఎంఎస్ విలువ 10.2. దీన్ని వర్గం చేసి స్పీకర్ నిరోధం 4 ఓమ్‌లతో భాగిస్తే 26 వాట్లు వస్తాయి. అది కూడా ఆదర్శ స్థితి. లోపలి నష్టాలు పోను వక్రీకరణ లేకుండా అందేది 18 నుంచి 20 వాట్లే. 50 అన్న అంకె ధ్వని పూర్తిగా చెడిపోయిన స్థితిలో కొలిచినది. స్పీకర్ డబ్బాపై కనిపించే "300 వాట్లు", "500 వాట్లు" కూడా ఇటువంటి క్షణకాలపు విలువలే. చిన్న అక్షరాల్లో ఉండే ఆర్‌ఎంఎస్ విలువను అడిగి చూడాలి. అది చెప్పని వస్తువును పక్కన పెట్టవచ్చు.

వాట్ల కంటే ముందు చూడవలసినది సెన్సిటివిటీ. ఒక వాటుకు ఒక మీటరు దూరంలో స్పీకర్ ఎన్ని డెసిబెల్స్ ఇస్తుందో ఇది చెబుతుంది. 87 డెసిబెల్స్ స్పీకర్ 90 డెసిబెల్స్ స్పీకర్‌తో సమానంగా పలకాలంటే రెట్టింపు శక్తి కావాలి. విడి యాంప్లిఫయర్ లేకుండా స్టీరియోతోనే నడపదలచినవారికి 90 లేదా ఆపై సెన్సిటివిటీ ఉన్న సెట్ మేలు. ఇక్కడ ఒక మెలిక. కొన్ని కంపెనీలు ఒక వాటుకు బదులు 2.83 వోల్టులకు కొలిచి చూపుతాయి. 8 ఓమ్‌ల స్పీకర్‌కు అది ఒక వాటే గాని, 4 ఓమ్‌ల కారు స్పీకర్‌కు రెండు వాట్లు. అంకె 3 డెసిబెల్స్ ఎక్కువగా కనిపిస్తుంది. రెండు సెట్లను పోల్చేటప్పుడు ఏ పద్ధతిలో కొలిచారో చూసుకోవాలి.

తక్కువ వాట్ల యాంప్లిఫయర్ స్పీకర్‌కు హాని చేయదన్న నమ్మకమూ పూర్తిగా నిజం కాదు. చిన్న యాంప్లిఫయర్‌ను శక్తికి మించి పెంచినప్పుడు తరంగాల శిఖరాలు నరికినట్లవుతాయి. అప్పుడు పుట్టే అదనపు పైస్థాయి ధ్వనులు, వాటితో పాటు పెరిగే సగటు శక్తి ట్వీటర్‌లోని సన్నని తీగచుట్టపై పడతాయి. దుకాణాలకు మరమ్మతుకు వచ్చే మౌన ట్వీటర్లలో ఇలా మాడినవి తక్కువేమీ కావు.

ట్వీటర్: పదార్థం, ప్రతిధ్వని పౌనఃపున్యం

నేటి ట్వీటర్లలో అధికం గుమ్మటం ఆకారంలోని డోమ్ రకానివి. ఎడ్గర్ విల్చర్ 1958లో వెలువరించిన ఏఆర్-3 గృహ స్పీకర్‌తో ఈ రూపకల్పన ప్రాచుర్యంలోకి వచ్చింది. సిల్కు వంటి వస్త్రంతో చేసిన డోమ్ ధ్వని మృదువుగా ఉంటుంది. అల్యూమినియం, టైటానియం డోమ్‌లు వివరాన్ని పదునుగా ఇస్తాయి. అమరిక సరిగా లేకపోతే అదే పదును కర్కశమవుతుంది. చవక సెట్లలో ప్లాస్టిక్ పొరతో చేసినవి వస్తాయి. సన్నాయి, వయొలిన్, స్త్రీ గాత్రం ఎక్కువగా వినేవారు, అద్దాల మధ్య ఇరుకు స్థలంలో ధ్వని పరావర్తనం చెందే కారుకు వస్త్రపు డోమ్‌నే ఎంచుకోవడం సురక్షితం. పదార్థం ఒక్కటే నాణ్యతను తేల్చదు. సరిగా రూపొందిన లోహపు డోమ్, నాసిరకం సిల్కు డోమ్ కంటే ఎంతో మేలు.

అమ్మకందారు చెప్పని, కొనేవారు అడగని అంకె ఒకటున్నది. అది ట్వీటర్ ప్రతిధ్వని పౌనఃపున్యం. వివరపత్రంలో దీన్ని ఎఫ్‌ఎస్ అని సూచిస్తారు. క్రాస్ఓవర్ దీనికి కనీసం రెట్టింపు వద్ద ఉండాలన్నది నిపుణులు పాటించే స్థూల సూత్రం. 1,200 హెర్ట్జ్ ఎఫ్‌ఎస్ ఉన్న ట్వీటర్‌ను 2,500 వద్ద నిశ్చింతగా వాడవచ్చు. 2,000 హెర్ట్జ్ ఎఫ్‌ఎస్ ఉన్న చిన్న ట్వీటర్‌ను 4,000 కంటే కిందకు దింపకూడదు. ఎందుకంటే అదే ధ్వని స్థాయిని సగం పౌనఃపున్యం వద్ద ఇవ్వాలంటే డోమ్ నాలుగు రెట్లు కదలాలి. 25 మిల్లీమీటర్ల డోమ్ సాధారణంగా 20 మిల్లీమీటర్ల దానికంటే కిందకు దిగగలదు. ముందు చెప్పిన 2,650 హెర్ట్జ్ లెక్కతో కలిపి చూస్తే, 6.5 అంగుళాల తలుపు స్పీకర్‌కు జతగా 25 మిల్లీమీటర్ల ట్వీటర్‌నే ఎందుకు వెతకాలో తెలుస్తుంది.

పెళ్లి ఊరేగింపుల పికప్ వాహనాలపై వరుసగా బిగించే బుల్లెట్ ట్వీటర్లను కారులో పెట్టించుకునే యువకులూ కనిపిస్తారు. అవి బహిరంగ ప్రదేశంలో దూరం విసరడానికి చేసినవి. చెవికి మూడడుగుల దూరంలో వాటి పని కాదు.

మాయమైన గుంత: కెపాసిటర్ కథ

విడిగా ట్వీటర్లు కొని, ఉన్న స్పీకర్ తీగలకే కలిపించుకునే పద్ధతి విస్తృతంగా ఉన్నది. తక్కువ పౌనఃపున్యాలు ట్వీటర్‌ను చేరకుండా దానికి ఒక కెపాసిటర్ తగిలిస్తారు. అది ఎంత విలువది అన్నదానిపై శ్రద్ధ ఉండదు. 4 ఓమ్‌ల ట్వీటర్‌కు 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే విభజన సుమారు 4,000 హెర్ట్జ్ వద్ద జరుగుతుంది. 4.7 మైక్రోఫారడ్లయితే అది 8,500 హెర్ట్జ్‌కు పోతుంది. తలుపు స్పీకర్ చెవి వైపు 2,650 హెర్ట్జ్ నుంచే తగ్గుముఖం పడుతుంది. మధ్యలో మిగిలిన ఖాళీలోనే శకారం, తీగ వాద్యాల మీటు, మృదంగంపై వేలి దెబ్బ ఉంటాయి. చిటపటలు వినిపిస్తాయి, మాట వినిపించదు. అప్పుడు యజమాని ట్రెబుల్ పెంచుతాడు. చిటపటలు ఇంకా పెరుగుతాయి, మాట మాత్రం తిరిగి రాదు.

అలాగని కెపాసిటర్ విలువను ఇష్టానుసారం పెంచి విభజనను కిందకు దింపడమూ కుదరదు. ఒకే కెపాసిటర్ అష్టకానికి 6 డెసిబెల్స్ చొప్పునే కోత విధిస్తుంది. కింది ధ్వనులు గణనీయంగా లోపలికి చేరి డోమ్‌ను దెబ్బతీస్తాయి. కాంపోనెంట్ సెట్‌తో వచ్చే క్రాస్ఓవర్ పెట్టెలో కాయిల్, కెపాసిటర్ రెండూ ఉండి 12 డెసిబెల్స్ కోత ఇస్తాయి. తలుపు స్పీకర్‌కు కూడా పై హద్దు విధిస్తాయి. ఒకే కంపెనీ, ఒకే సెట్‌గా కొనమని చెప్పడానికి కారణం ఇదే. ఒక కంపెనీ మిడ్, మరో కంపెనీ ట్వీటర్ కలపడం సాధ్యమే గాని, డిజిటల్ ప్రాసెసర్ ఉన్నవారికే అది తగిన ప్రయోగం.

మంచి క్రాస్ఓవర్ పెట్టెలో ట్వీటర్ స్థాయిని 0, మైనస్ 3 డెసిబెల్స్ అని మార్చుకునే ఏర్పాటు ఉంటుంది. ట్వీటర్ నేరుగా ముఖం వైపు చూస్తుంటే మైనస్ 3తో మొదలుపెట్టడం ఉచితం.

స్థానం: ధ్వని కంటే ముందు ఎయిర్‌బ్యాగ్

ట్వీటర్‌ను ఎక్కడ బిగించాలన్నది ధ్వని ప్రశ్న మాత్రమే కాదు, ప్రాణ భద్రత ప్రశ్న కూడా. ముందు అద్దానికి ఇరువైపులా ఉండే స్తంభం, అంటే ఏ-పిల్లర్, ధ్వని దృష్ట్యా చక్కని చోటు. కానీ కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కార్లలో ఆ తొడుగు వెనుక నుంచే సంచి విచ్చుకుంటుంది. దానిపై గుర్తుగా ఎయిర్‌బ్యాగ్ అన్న ముద్ర ఉంటుంది. అటువంటి తొడుగును కోసి ట్వీటర్ బిగిస్తే ప్రమాద సమయంలో సంచి సరిగా విచ్చుకోకపోవచ్చు, లేదా ఆ ట్వీటరే తల వైపు దూసుకురావచ్చు. ఆరు ఎయిర్‌బ్యాగుల కార్లు సామాన్యమవుతున్న ఈ కాలంలో దుకాణంలో మొట్టమొదట తేల్చుకోవలసినది ఇదే. డ్యాష్‌బోర్డుపై ఎడమ వైపు ప్రయాణికుని ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే మూత మీద కూడా ఏదీ అంటించకూడదు.

సురక్షితమైన ప్రత్యామ్నాయం పక్క అద్దం లోపలి వైపున ఉండే త్రికోణపు పలక. చాలా కార్లలో కంపెనీ ట్వీటర్ స్థానమే అక్కడ ఉంటుంది. అది లేని కింది శ్రేణి మోడళ్లకు, పై శ్రేణి మోడల్ త్రికోణపు పలక విడిభాగంగా దొరకవచ్చు. అడిగి చూడడం మంచిది. కోత లేదు, తిరిగి అమ్మేటప్పుడు రంధ్రాలు కనిపించవు.

మన కార్లలో డ్రైవరు కుడివైపు కూర్చుంటారు. కుడి ట్వీటర్ చెవికి 70 సెంటీమీటర్ల దూరంలో, ఎడమది 120 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, ఎడమ ధ్వని దాదాపు ఒకటిన్నర మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఈ కొద్దిపాటి తేడాకే గాత్రం మధ్య నుంచి జారి కుడి తలుపులో పాడుతున్నట్లు అనిపిస్తుంది. టైమ్ అలైన్‌మెంట్ సౌకర్యం ఉన్న స్టీరియో దగ్గరి స్పీకర్‌ను ఆమేరకు ఆలస్యం చేసి సరిదిద్దుతుంది. అది లేకపోతే కుడి ట్వీటర్‌ను ఎడమ సీటు వైపు తిప్పడం వల్ల కొంత ఉపశమనం కలుగుతుంది.

తీగల ధ్రువాలు తారుమారైతే ఎంత ఖరీదైన సెట్ అయినా గాత్రం గాలిలో తేలిపోతుంది. ఎడమ, కుడి స్పీకర్లలో ఒకటి బయటికి నెడుతున్నప్పుడు రెండవది లోపలికి లాగడమే దీనికి కారణం. బ్యాలెన్స్ మీటను మధ్య నుంచి ఒక పక్కకు జరిపినప్పుడు బాస్ పెరిగితే తీగలు తప్పు కలిపారని అర్థం.

ఎండ, వాన, తలుపు

రాయ్‌పూర్ మైదానంలో మే నెల ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. నీడ లేని చోట అద్దాలు మూసి నిలిపిన కారు డ్యాష్‌బోర్డు ఉపరితలం 70 డిగ్రీలు దాటగలదు. రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించిన ట్వీటర్ మొదటి వేసవిలోనే ఊడి పడుతుంది. మర లేదా క్లిప్‌తో బిగించాలి. తలుపు రేకు అదురును అణచడానికి అతికించే షీట్లలో తారు ఆధారిత చవక రకాలు ఈ వేడికి కరిగి కారి, వాసన వేస్తాయి. బ్యుటైల్ రబ్బరు షీట్లనే కోరాలి. తలుపు అదురును అరికట్టడం అలంకారం కాదు. స్పీకర్ వెనుక ధ్వని ముందు ధ్వనితో కలవకుండా రంధ్రాలు మూస్తేనే గాత్రంలోని బరువు, మృదంగం ఎడమ వైపు నాదం నిలుస్తాయి. ఖరీదైన స్పీకర్‌ను డొల్ల తలుపులో పెట్టడం కంటే మధ్యస్థమైన స్పీకర్‌ను బాగా మూసిన తలుపులో పెట్టడం ఉత్తమం.

వర్షాకాలంలో అద్దం పక్క నుంచి తలుపు లోపలికి నీరు దిగడం సహజం, అది కింది రంధ్రాల ద్వారా పోతుంది. ఆ రంధ్రాలను షీట్‌తో మూసివేయరాదు. తలుపు స్పీకర్‌కు పాలీప్రొపిలీన్ శంఖువు లేదా నీటిని తట్టుకునే పూత ఉన్న కాగితం శంఖువు ఎంచుకోవాలి. స్పీకర్ కింద వేసే చట్రానికి మామూలు ఎండీఎఫ్ చెక్క వాడితే రెండు వానలకే ఉబ్బిపోతుంది. గట్టి ప్లాస్టిక్ చట్రం నిలుస్తుంది. కొన్ని కార్లలో పక్క నుంచి ఢీకొనడాన్ని పసిగట్టే పీడన సెన్సర్ తలుపు లోపలే ఉంటుంది కనుక, కొత్త రంధ్రాలు చేయించే ముందు సర్వీసు కేంద్రంలో విచారించడం అవసరం. కంపెనీ తీగలను కోయకుండా, ఆ కారుకు సరిపోయే కప్లర్‌తో కలిపితే వారంటీ వివాదం రాదు.

విడి యాంప్లిఫయర్ పెట్టించుకుంటే బ్యాటరీ నుంచి వచ్చే తీగకు, బ్యాటరీకి అడుగున్నర లోపలే ఫ్యూజు ఉండాలి. యాంప్లిఫయర్ దగ్గర ఉన్న ఫ్యూజు ఆ పరికరాన్ని కాపాడుతుంది గాని, మధ్యలో తీగ ఒరిసి షార్టయితే మంటను ఆపదు. రాగి పూత వేసిన అల్యూమినియం తీగలను రాగి తీగలుగా అమ్మడం మార్కెట్‌లో ఉన్నదే. చివరను కత్తితో గీకి చూస్తే లోపలి తెల్లని రంగు బయటపడుతుంది.

ఎలా విని నిర్ణయించాలి?

దుకాణం గోడకు బిగించిన ప్రదర్శన పలకపై వినడం వల్ల తెలిసేది కొద్దే. అక్కడ ట్వీటర్ చెవి ఎత్తున ఉంటుంది, గది పెద్దది, రోడ్డు చప్పుడు లేదు. పక్కపక్కనే రెండు సెట్లు వినిపించినప్పుడు కొంచెం బిగ్గరగా, కొంచెం కీచుగా ఉన్నదే మెరుగని మొదటి నిమిషంలో అనిపిస్తుంది. కనీసం పదిహేను నిమిషాలు విన్నాక అలసట కలుగుతున్నదా అన్నది చూడాలి. వీలైతే అదే సెట్ బిగించిన మరొకరి కారులో, గంటకు 80 కిలోమీటర్ల వేగంలో వినాలి. టైర్లు, గాలి చేసే రొద ప్రధానంగా కింది పౌనఃపున్యాల్లో ఉండి బాస్‌ను, గాత్రం దిగువ భాగాన్ని కప్పేస్తుంది. నిలిపిన కారులో నిండుగా వినిపించిన గొంతు పరుగెత్తే కారులో పలచబడడానికి కారణం ఇదే.

పరీక్షకు వెంట తీసుకెళ్లే పాట కూడా ముఖ్యమే. ఎఫ్‌ఎం రేడియో 15,000 హెర్ట్జ్ వరకు మాత్రమే ప్రసారం చేస్తుంది. 128 కేబీపీఎస్ ఎంపీ3 పాటల్లో సాధారణంగా 16,000 హెర్ట్జ్ పైన ఏమీ ఉండదు. ట్వీటర్ 40,000 హెర్ట్జ్ వరకు పలుకుతుందన్న ప్రకటనకు అదనపు ధర చెల్లించనవసరం లేదు. నలుపు తెలుపు కాలపు చిత్రాల పాటల్లో పై స్థాయి సహజంగానే తక్కువ, రికార్డింగు రొద ఎక్కువ. ఆ పాటలే ఎక్కువగా వినేవారికి మెరిసే ట్వీటర్ ఆ రొదనే పెద్దది చేసి చూపుతుంది. వారికి మృదువైన డోమ్, మంచి మిడ్‌రేంజ్ ఉంటే చాలు. బాగా తెలిసిన ఒక గాత్ర ప్రధానమైన పాట, ఒక వాద్య సంగీతపు ముక్క, వార్తలు చదివే ఒక గొంతు — ఈ మూడూ ఫోన్‌లో ఉంచుకుని వెళితే చాలు. మాట సహజంగా లేని స్పీకర్‌లో పాట సహజంగా ఉండదు.

పేరున్న కంపెనీల ముద్రతో నకిలీలు వస్తున్నందున బిల్లు, సీరియల్ నంబరు, అధీకృత విక్రేత వారంటీ కార్డు లేని కొనుగోలు మానుకోవాలి.

చెవి, చట్టం

ప్రపంచ ఆరోగ్య సంస్థ సురక్షిత శ్రవణానికి సూచించిన పరిమితి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. స్థాయి 90కి పెరిగితే అది వారానికి నాలుగు గంటలకు కుదించుకుపోతుంది. అంటే విశాఖ ప్రయాణంలో ఒక్క పూట బిగ్గరగా వింటే ఆ వారం వాటా అయిపోయినట్లే. అధిక శబ్దం వల్ల కలిగే వినికిడి లోపం ముందుగా 4,000 హెర్ట్జ్ పరిసరాల్లో కనిపిస్తుంది. అది సరిగ్గా ట్వీటర్ పని మొదలయ్యే చోటు. ఆ భాగం వినబడని వ్యక్తి ట్రెబుల్ మరింత పెంచుకుంటాడు, దానితో హాని ఇంకా పెరుగుతుంది. అంబులెన్స్ సైరన్, వెనుక లారీ హారన్ వినిపించని స్థాయిలో పాట ఉండడం మరో ప్రమాదం.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాల్లో శబ్ద వ్యవస్థల వినియోగంపై ఆంక్షలున్నాయి. ఛత్తీస్‌గఢ్‌లో వీటికి తోడు, ఉమ్మడి మధ్యప్రదేశ్ కాలం నాటి 1985 కోలాహల్ నియంత్రణ్ చట్టం అమలులో ఉన్నది. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద శబ్ద నియంత్రణ ప్రమాణాలను ఉల్లంఘించే వాహనాన్ని నడిపినవారికి మొదటి నేరానికి మూడు నెలల వరకు జైలు, రూ.10,000 వరకు జరిమానా లేదా రెండూ, వాటితో పాటు మూడు నెలలు లైసెన్సు అనర్హత విధించవచ్చు. తలుపులు తెరిచి, డిక్కీ ఎత్తి రోడ్డు పక్కన పాటలు మోగించేవారు ఈ నిబంధనలను తెలుసుకుని ఉండడం మేలు.

బిగింపు పూర్తయిన రోజున దుకాణంలోనే ట్రెబుల్, బాస్ మీటలను సున్నా వద్ద పెట్టించి, తెలిసిన పాటను మామూలు స్థాయిలో వినాలి. ఎడమ, కుడి వైపులను విడివిడిగా వినిపించమని అడగాలి. స, శ, ష తేడా తెలియకపోతే, గాత్రం డ్యాష్‌బోర్డు మధ్యకు రాకపోతే, క్రాస్ఓవర్ పెట్టెలో ట్వీటర్ స్థాయి ఎక్కడ ఉన్నదో, ధ్రువాలు సరిగా కలిపారో లేదో అక్కడే, బిల్లు చెల్లించక ముందే చూపించమనాలి.